గురి తప్పని స్కోప్ ఎక్కడా లేదు

సరిహద్దులో జవాను నేలకొరిగాడన్న వార్త రావడం ఆలస్యం, ఫోన్లలో ఒక వీడియో తిరగడం మొదలవుతుంది. తుపాకీ మీద కంప్యూటర్ స్కోప్, అద్దంలో వెలిగే చుక్క, వేసిన ప్రతి తూటా గురికి తగలడం. కింద ఒక రాత: "అమెరికా సైనికుడికి ఇది ఉంది. మనవాళ్లు ట్రయల్స్ పేరుతో ఏళ్లు గడిపేస్తున్నారు. ఇదే ఉంటే మనవాడు బతికేవాడు." తరతరాలుగా సైన్యానికి బిడ్డల్ని పంపుతున్న మిలిటరీ మాధవరం లాంటి ఊళ్లకూ ఇవి చేరతాయి. కొడుకు పోయిన తల్లికి, వాణ్ణి ఎవరో చేజేతులా పోగొట్టారన్న అనుమానాన్ని కూడా అంటగట్టడం క్రూరత్వం. పైగా ఆ మాట అబద్ధం.

ఆ అమెరికా స్కోప్ పేరు ఎక్స్‌ఎం157. విస్కాన్సిన్‌కు చెందిన వోర్టెక్స్ సంస్థ తయారీ. దృశ్యాన్ని 1 నుంచి 8 రెట్ల దాకా పెంచి చూపిస్తుంది. లేజర్‌తో దూరం కొలుస్తుంది, గాలి పీడనం, ఉష్ణోగ్రత చూసుకుంటుంది, తూటా ఎంత కిందికి దిగుతుందో లెక్కకట్టి ఎక్కడ గురిపెట్టాలో చుక్క వెలిగిస్తుంది. దాని పని అంతటితో సరి. చుక్కను కదలకుండా నిలపాల్సిందీ, ఊపిరి బిగబట్టాల్సిందీ, ట్రిగ్గర్‌ను కుదుపు లేకుండా నొక్కాల్సిందీ మనిషే.

ఆ లెక్క కూడా సంపూర్ణం కాదు. లేజర్ చెప్పేది తన కిరణం దేనికి తగిలిందో దాని దూరం. శత్రువుకు ముందు కొమ్మ అడ్డముంటే కొమ్మ దూరమే వస్తుంది. పక్కగాలి సంగతి ఇంకా కష్టం. తుపాకీ దగ్గరి సెన్సర్‌కు లోయ నడుమ గాలి ఎటు వీస్తోందో తెలియదు. దాన్ని గడ్డి వాలును బట్టి, దుమ్ము కదలికను బట్టి సైనికుడే పసిగట్టాలి. టెక్సాస్‌లోని ట్రాకింగ్‌పాయింట్ కంపెనీ ఇంతకంటే ముందుకెళ్లి, గురి కుదిరిన క్షణంలోనే తూటా వదిలే రైఫిల్‌ను పౌరులకే అమ్మింది. దానికీ గాలి వేగాన్ని కాల్చేవాడే చెప్పాల్సి వచ్చేది. 2015లో ఇద్దరు భద్రతా పరిశోధకులు దాని వైఫైలోకి చొరబడి లోపలి అంకెలు మార్చేశారు. తూటా వెళ్లి పక్కనున్న లక్ష్యానికి తగిలింది. కాల్చేవాడి చెయ్యి కొంచెం కూడా కదల్లేదు. ఇలాంటి పరికరాన్ని పరీక్షించకుండా జవాన్ల చేతికి ఇవ్వమని అడగడం దేశభక్తి ఎలా అవుతుంది?

"అమెరికా రెండున్నర లక్షలు కొనేసింది" అన్నది మరో ప్రచారం. 2022 జనవరి ఒప్పందం చెప్పింది 10 ఏళ్లలో గరిష్ఠంగా 2,50,000 స్కోపులు, 270 కోట్ల డాలర్ల దాకా అని. అది పైహద్దు మాత్రమే. ఇక వీడియోల్లో ఎవరూ చెప్పని సంగతి: ఆ దేశ రక్షణశాఖలోనే ఆయుధ పరీక్షల్ని పర్యవేక్షించే కార్యాలయం 2025 ఆరంభంలో నివేదిక ఇచ్చింది. 72 గంటల యుద్ధవిధిని పెద్ద వైఫల్యం లేకుండా ఈ స్కోప్ పూర్తిచేసే అవకాశం తక్కువని, వాడి చూసిన సైనికులు వాడుక సౌలభ్యంలో దానికి సగటు కంటే తక్కువ మార్కులే ఇచ్చారని అందులో ఉంది. లోపం ట్రయల్స్‌లో బయటపడింది కాబట్టి సరిదిద్దుకునే వీలుంది. కాల్పుల మధ్య మూడో రోజు రాత్రి బయటపడితే ఆ సైనికుడు ఏం చేయాలి?

మన దగ్గరా ఇదే సూత్రం. ఎడారి వేడిలో, హిమాలయాల చలిలో వాడి చూస్తారు. జేఎస్‌ఎస్ 55555 ప్రమాణం ప్రకారం తేమ, దుమ్ము, కుదుపు పరీక్షలు పెడతారు. "తక్కువ ధర పాడినవాడికే కాంట్రాక్టు, అందుకే నాసిరకం" అనేవాళ్లకు ఒక్క మాట: ట్రయల్స్ నెగ్గినవాళ్ల ధరల కవర్లే తెరుస్తారు. కొన్ని కొనుగోళ్లు నిజంగానే ఏళ్లకేళ్లు సాగుతాయి, దాన్ని తిట్టండి. పరీక్షను తిట్టకండి.

ఒక్క విషయంలో మాత్రం కంప్యూటర్ స్కోప్ అభిమానుల మాట ఒప్పుకోక తప్పదు. చిన్న డ్రోన్ ఎటు తిరుగుతుందో చూసి దాని ముందుకు గురిపెట్టడం మనిషి కంటికి చాలా కష్టం. ఇజ్రాయెల్ స్మాష్ స్కోప్ డ్రోన్‌ను వెంబడించి, గురి కుదిరేదాకా తూటాను ఆపుతుంది. మన నౌకాదళం దాన్ని తీసుకుంది. బ్రిటన్ సైన్యం 2023లో 46 లక్షల పౌండ్లతో 225 కొన్నది. అయితే ఇది పనికొచ్చేది కొన్ని వందల మీటర్ల లోపే.

మిగతావి క్లుప్తంగా. థర్మల్ స్కోప్ గోడల అవతలికి చూడలేదు, మామూలు కిటికీ అద్దం కూడా దానికి అడ్డే. నైట్ విజన్‌కు కనీసం నక్షత్రకాంతి ఉండాలి, లేదా సొంత ఇన్‌ఫ్రారెడ్ దీపం కావాలి. ఎన్ని రెట్లు పెంచి చూస్తే చెయ్యి వణుకూ అన్ని రెట్లు కనిపిస్తుంది, చూపు వైశాల్యం తగ్గుతుంది. బ్యాటరీ అయిపోతే ఎక్స్‌ఎం157 పనికిరాకుండా పోదు, గాజు మీద చెక్కిన గీతలు ఉంటాయి. "మనకు చేతకాదు" అనేవాళ్లు మచిలీపట్నం వెళ్లి చూడాలి. అక్కడ 1926లో పుట్టిన ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీని 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్ తీసుకుంది. రాత్రిచూపు పరికరాలు అక్కడ తయారవుతున్నాయి.

సైన్యంలో చేరాలనుకునే కుర్రాళ్లూ, ఆన్‌లైన్‌లో "మిలిటరీ గ్రేడ్" అని అమ్మే స్కోపులకు డబ్బు తగలేయకండి. వీడియో చూసినప్పుడు దూరమెంత, గాలి ఉందా, కాల్చినవాడెవరు, తప్పిన తూటాలను కత్తిరించారా అని అడగండి. ఎన్‌సీసీ శిబిరంలో పాయింట్ టూ టూ రైఫిల్ దొరికితే ఐరన్ సైట్‌తోనే మొదలుపెట్టండి. తూటాలు గురికి పక్కన పడినా ఫర్వాలేదు, ముందు అన్నీ ఒక్కచోట పడాలి. అవి అలా పడేదాకా సైట్‌ను జరపకండి. ముందు సరిచేసుకోవాల్సింది భుజం ఆనిక, ఊపిరి, ట్రిగ్గర్ మీది వేలు.