పగడం మీద లేచిన ఊరు మొంబాసా

ఓడరేవుకీ డైవింగుకీ పొత్తు కుదరడం అరుదు. రేవన్నాక బురద ఉంటుంది, నూనె తెట్టు ఉంటుంది, రాత్రింబవళ్లు ఓడలు తిరుగుతూనే ఉంటాయి. డైవింగుకి కావలసిందేమో అడుగు కనిపించే తేట నీరు. కెన్యా తీరంలోని మొంబాసాలో ఈ రెండూ ఇరుగుపొరుగున ఉన్నాయి. కిలిండిని రేవులో ఉగాండా, రువాండా, దక్షిణ సూడాన్ దేశాలకి వెళ్లే కంటెయినర్లు దిగుతుంటాయి. అక్కడికి ఉత్తరాన కొద్ది కిలోమీటర్లు వెళితే న్యాలీ, బంబూరి బీచిల్లో తెల్లటి ఇసుక, ఆ ముందు నీలం నీరు, దాని అడుగున పగడాలు. ఇది ఎలా కుదిరిందని అడిగితే జవాబు ఒక్కటే. రేవు ఏర్పడటానికీ పగడాలు పెరగడానికీ వెనకున్న కథ ఒకటే. ఆ కథ తెలిసి వెళ్లినవాళ్లకి మొంబాసా వేరే ఊరులా కనిపిస్తుంది.

మొంబాసా పాతబస్తీ ఒక దీవి మీద ఉంది. ఆ దీవి నేల ఎక్కువగా ఒకప్పటి పగడపు దిబ్బే. సుమారు 1,25,000 ఏళ్ల కిందట భూమి ఇప్పటికంటే కాస్త వెచ్చగా ఉండేది. సముద్రమట్టం ఇప్పటికంటే 6 నుంచి 9 మీటర్లు ఎత్తున ఉండేది. ఆ నీళ్లలో పెరిగిన పగడాలు సముద్రం వెనక్కి తగ్గాక గట్టున పడి, సున్నపురాయిగా గట్టిపడ్డాయి. ఆ తర్వాత మంచుయుగం ముదిరింది. సుమారు 20,000 ఏళ్ల కిందటికి చాలా నీరు నేల మీద మంచుగా పేరుకుపోయి, సముద్రమట్టం ఇప్పటికంటే 120 మీటర్ల దాకా దిగిపోయింది. సముద్రం దిగితే ఏరు ఊరుకోదు, తన అడుగునీ కోసుకుంటూ పోతుంది. కెన్యా కొండల నుంచి వచ్చే ఏర్లు ఆ పాత పగడపు రాతిని లోతుగా కోసి లోయలు చేశాయి. మంచు కరిగి సముద్రం మళ్లీ పైకి వచ్చినప్పుడు ఆ లోయలు నీట మునిగాయి. దీవికి ఒక పక్కన ఉన్న టుడర్ క్రీక్, ఇంకో పక్కన ఉన్న కిలిండిని, పోర్ట్ రైట్జ్ అలా మునిగిన లోయలే. పెద్ద ఓడలు నిలిచే లోతు అక్కడ దొరకడానికి మొదటి కారణం మంచుయుగపు ఏర్లు. తవ్వోడలు వచ్చి పని చేసింది ఆ తర్వాత ఎప్పుడో.

ఇక పగడం సంగతి. పగడం మొక్క కాదు, రాయీ కాదు. చిన్న చిన్న ప్రాణులు వేల సంఖ్యలో కలిసి, నీళ్లలోని కాల్షియాన్ని తీసుకుని సున్నపు గూళ్లు కట్టుకుంటాయి. వాటి ఒంట్లో ఏకకణ నాచు కాపురం ఉంటుంది. ఆ నాచు ఎండతో తయారు చేసే తిండిలో ఎక్కువ వాటా పగడానికే పోతుంది. కాబట్టి పగడానికి ఎండ తగలాలి, ఎండ దిగాలంటే నీరు తేటగా ఉండాలి. మంచినీరు కలిసి ఉప్పు తగ్గినా, ఒండ్రు మీద పడినా పగడం బతకదు. మొంబాసా తీరం పొడవునా ఒడ్డుకి సమాంతరంగా పగడపు కట్ట సాగుతుంది. ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గరికి వచ్చేసరికి మాత్రం కట్ట తెగిపోతుంది. ఓడలు లోపలికి వచ్చేది ఆ గండి గుండానే. పగడానికి గిట్టని చోటే నావికుడికి దారి అయింది.

మన తీరంతో పోల్చి చూస్తే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. గోదావరి, కృష్ణ ఏటా తెచ్చి పోసే ఒండ్రు, వరదనాటి మంచినీరు కోస్తాంధ్రలో పగడపు దిబ్బని ఎదగనివ్వలేదు. విశాఖ, రుషికొండ దగ్గర డైవింగ్ చేసేవాళ్లు చూసేది ఎక్కువగా రాతిబండల చుట్టూ చేరిన జీవాన్నే. విశాఖ రేవు కూడా మేఘాద్రి గెడ్డ సముద్రంలో కలిసే చోట వెలసిందే, కానీ దాని బయట కట్ట కట్టడానికి పగడం లేదు. మొంబాసా ఏర్లు చిన్నవి, వానలకి పొంగి ఎండలకి సన్నబడేవి. మంచుయుగంలో లోయ కోయడానికి సరిపోయాయి, ఇవాళ తీరం మొత్తాన్ని బురద చేసేంత సత్తా లేదు. ఉత్తరాన మాలింది ఊరు దాటాక సముద్రంలో కలిసే సబాకి పెద్ద నది. అది వానాకాలంలో తెచ్చే ఎర్రమట్టి అక్కడి పగడాలకి బెడదే.

ఫోర్ట్ జీసస్ కోటని చూడకుండా ఎవరూ మొంబాసా వదలరు. పోర్చుగీసువాళ్లు 1593లో మొదలుపెట్టిన ఈ కోట 2011లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. గైడు ఫిరంగుల దగ్గరికి తీసుకువెళతాడు. నేనైతే ముందు గోడ దగ్గర ఆగమంటాను. కోట నిలబడింది పగడపు రాతి గట్టు మీద, గోడలకి వాడిందీ ఆ రాయే. వెలుతురు వాలుగా పడే సాయంత్రంపూట దగ్గర నుంచి చూస్తే, రాతిలో వేలి మందాన వంకర్లు తిరిగిన గాళ్లు, గుంపుగా నక్షత్రాల్లాంటి గుంటలు కనిపిస్తాయి. అవి ఉలి గుర్తులు కావు. ఒకప్పుడు ఒక్కో గుంటలో ఒక్కో పగడప్రాణి ఉండేది.

కోట ఎదుట నీళ్లలో మరో విశేషం జరిగింది. 1696లో ఒమన్ అరబ్బులు కోటని ముట్టడించారు. సాయంగా వచ్చిన శాంతో అంతోనియో ద తన్నా అనే పోర్చుగీసు యుద్ధనౌక 1697లో అక్కడే మునిగిపోయింది. అది మన దేశంలోని వసాయిలో తయారైన ఓడ. 1977 నుంచి పురావస్తు శాస్త్రవేత్తలు డైవింగ్ చేసి దాన్ని తవ్వితే, చెక్క అడుగుభాగం చాలావరకు నిలిచే ఉంది. వెచ్చటి సముద్రంలో చెక్కని తొలిచే పురుగులు కొన్నేళ్లలోనే ఓడని మాయం చేస్తాయి. ఇక్కడ ఆ చెక్క బురదలో కూరుకుపోయింది. బురద లోపల ఆక్సిజన్ ఉండదు, పురుగుకి ఊపిరాడదు. పగడాన్ని దగ్గరికి రానివ్వని ఏటి ఒండ్రే మూడు శతాబ్దాల పాటు ఆ ఓడని కాపాడింది.

బీచికి వెళ్లినప్పుడు చిటికెడు ఇసుక అరచేతిలోకి తీసుకుని, రెండు చుక్కలు నిమ్మరసం పిండండి. సన్నగా బుడగలు వస్తాయి. మొంబాసా ఇసుకలో ఎక్కువ భాగం కాల్షియం కార్బొనేట్: పగడం ముక్కలు, గవ్వల పొడి, సున్నం పేర్చుకునే హాలిమెడా అనే నాచు రాల్చిన పెంకులు. ఆమ్లం తగలగానే కార్బన్ డయాక్సైడ్ బుడగలుగా వస్తుంది. భీమిలి ఇసుకలో ఉండేవి క్వార్ట్జ్, గార్నెట్, ఇల్మెనైట్ రేణువులు. నిమ్మరసానికి అవి చలించవు. మొంబాసా ఇసుక తయారీలో చిలకచేపది పెద్ద చేయి. అది చిలకముక్కులాంటి గట్టి నోటితో పగడం మీద నాచుని గీరి, రాతితో సహా మింగి, గొంతులోని పళ్లతో నూరి, ఇసుకగా వదిలేస్తుంది. పెద్ద రకం చిలకచేప ఒక్కటే ఏడాదికి వందల కిలోల ఇసుక చేయగలదు. తెలుపు ఎండని తిప్పికొడుతుంది కాబట్టే మిట్టమధ్యాహ్నం కూడా ఆ ఇసుక మీద కాలు నిలుస్తుంది.

ఇక్కడ పోటుకీ పాటుకీ తేడా చాలా ఎక్కువ. అమావాస్య, పున్నమి రోజుల్లో అది 3 మీటర్లు దాటుతుంది. విశాఖలో అందులో సగమే. పాటు వేళ ఒడ్డు నుంచి పగడపు కట్ట దిక్కుగా నీరు మోకాళ్ల లోతుకి తగ్గిపోతుంది. నడిచి వెళ్లాలనిపిస్తుంది. కాలికింద పడేది బతికున్న పగడమని గుర్తుంటే అడుగు ఆగుతుంది. ఒళ్లంతా ముళ్లుండే సీ అర్చిన్లు కూడా అక్కడే ఉంటాయి.

ఈ అర్చిన్ల చుట్టూ మొంబాసాలో మంచి శాస్త్ర పరిశోధన జరిగింది. టిమ్ మెక్‌క్లానహన్ అనే సముద్ర జీవశాస్త్రవేత్త దశాబ్దాలుగా ఈ తీరాన్ని చూస్తూ ఉన్నాడు. వేట ఎక్కువైన చోట్ల ట్రిగ్గర్ చేపలు తగ్గిపోతాయి. అర్చిన్లని గట్టి పళ్లతో పగలగొట్టి తినేవి ఆ చేపలే. అవి లేకపోతే అర్చిన్లు విపరీతంగా పెరిగి, నాచు కోసం పగడపు రాతినే తొలిచేస్తాయి. కట్ట కరిగిపోతుంది. 1986లో మొంబాసా మెరైన్ పార్క్ ప్రకటించి, కొన్నేళ్లకి అందులో చేపల వేట ఆపేశాక చేపలు తిరిగి వచ్చాయి, అర్చిన్లు మెల్లగా తగ్గాయి. జాలర్లు మొదట గట్టిగా వ్యతిరేకించారు. వాళ్ల పొట్ట కొట్టే విషయం కాబట్టి ఆ కోపం న్యాయమైనదే. అయితే పార్కులో పెరిగిన చేపలు హద్దు దాటి బయటికి కూడా వస్తాయి.

పార్కు హద్దులు సముద్రపు వేడిని ఆపలేవు. 1998లో ఎల్ నినో వల్ల నీరు వేడెక్కినప్పుడు కెన్యా తీరంలో చాలాచోట్ల సగానికి పైగా పగడం చచ్చిపోయింది. మామూలు వేసవి వేడికంటే ఒక్క డిగ్రీ ఎక్కువై కొన్ని వారాలు నిలిచినా చాలు, పగడం తన ఒంట్లోని నాచుని వెళ్లగొట్టి తెల్లబడిపోతుంది. ఆ తర్వాత తిండి లేక మాడుతుంది. ఇప్పుడు డైవింగుకి వెళ్లినవాళ్లకి చచ్చిన కొమ్మల పక్కనే కొత్తగా ఎదుగుతున్న పగడం కనిపిస్తుంది. రెండూ చూసి రావాలి.

ఎప్పుడు వెళ్లాలన్నది గాలి చెబుతుంది. నవంబరు నుంచి మార్చి దాకా ఈశాన్యం నుంచి కస్కాజి వీస్తుంది, సముద్రం శాంతంగా, తేటగా ఉంటుంది. ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా ఆగ్నేయం నుంచి కూసి. అలలు లేస్తాయి, నీరు మసకబారుతుంది. కచ్ నుంచి, అరేబియా నుంచి తెరచాప పడవలు కస్కాజితో వచ్చి కూసితో తిరిగి వెళ్లేవి. 1498 ఏప్రిల్‌లో మొంబాసా, మాలింది చూసుకుని వాస్కోడగామా మే 20కల్లా కాలికట్ చేరింది ఆ గాలి మలుపులోనే.

బంబూరి ఎదుట సుమారు 30 మీటర్ల లోతులో ఎం.వి. డానియా అనే ఓడ ఉంది. పశువులని మోసిన ఓడని కావాలనే 2002లో ముంచారు, పగడానికీ చేపలకీ ఇల్లు అవుతుందని. ప్రతి 10 మీటర్లకీ ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది కాబట్టి ఆ ఓడ అడుగున మీద పడే ఒత్తిడి గట్టు మీదకంటే నాలుగు రెట్లు. ఆ ఒత్తిడిలో పీల్చిన నైట్రోజన్ రక్తంలో, కొవ్వులో కరుగుతుంది. వేగంగా పైకి వస్తే బుడగలు కట్టి కీళ్లనీ నరాలనీ దెబ్బతీస్తుంది. డైవింగ్ తర్వాత 18 నుంచి 24 గంటలు విమానం ఎక్కవద్దనేది ఇందుకే. చాలామంది మరిచిపోయేది రైలుని. నైరోబి సముద్రమట్టానికి సుమారు 1,700 మీటర్ల ఎత్తున ఉంది. పొద్దున డైవింగ్ చేసి మధ్యాహ్నం రైలెక్కి నైరోబి వెళ్లడం కూడా ఎత్తుకి ఎక్కడమే, అదే జాగ్రత్త దానికీ వర్తిస్తుంది.

వెళ్లేముందు ఎల్లో ఫీవర్ టీకా కనీసం పది రోజుల ముందు వేయించుకోండి. కెన్యా నుంచి తిరిగి వచ్చేవాళ్ల దగ్గర ఆ సర్టిఫికెట్ లేకపోతే మన దేశంలో ఆరు రోజుల దాకా విడిగా ఉంచుతారు. కారణం ఉంది. ఆ వైరస్‌ని మోసే ఏడిస్ దోమ మన ఊళ్లన్నిటా ఉంది, వైరస్ మాత్రం ఇంకా రాలేదు. మలేరియా మాత్రల సంగతి డాక్టర్ని అడగండి.

చివరిగా ఒక్క మనవి. బీచిలో పిడికిలికి మించిన పెద్ద గవ్వలు, ఎర్రటి హెల్మెట్ శంఖాలు అమ్ముతుంటారు. చూడముచ్చటగా ఉంటాయి. హెల్మెట్ శంఖంలో ఉండే నత్త తినేది సీ అర్చిన్లనే. వేట వల్ల ట్రిగ్గర్ చేపలు తగ్గిన చోట పగడానికి మిగిలిన కాపలాదారుల్లో అదొకటి. అమ్మేవాళ్లకి సాయం చేయాలనుంటే కొబ్బరిబోండాం కొనండి, పడవలో తిప్పమనండి. శంఖాన్ని, పగడాన్ని మాత్రం కొనకండి.