సర్వరు సంసారం

హాల్ టికెట్టు కావాలన్నా, ఫలితాలు చూడాలన్నా, స్కాలర్‌షిప్పుకు దరఖాస్తు పెట్టాలన్నా ఈ రోజుల్లో వెబ్‌సైటు ముందు కూర్చోవలసిందే. అది తెరుచుకోకపోతే “సర్వర్ డౌన్” అని ఒక మాట అనేసి ఊరుకుంటాం. ఆ మాట “కరెంటు పోయింది” అన్నంత మామూలైపోయింది. కాని దరఖాస్తు గడువు సాయంత్రం ఐదింటికి ముగుస్తుందనగా నాలుగింటికి సైటు ఆగిపోతే, ఆ విద్యార్థికి ఒక సంవత్సరమే పోవచ్చు.

ఇంతకూ సర్వరు డౌన్ కావడమంటే ఏమిటి? యంత్రం కాలిపోవడమా? చాలాసార్లు కాదు. యంత్రం నిక్షేపంలా వుంటుంది. దానిలో నడవవలసిన ఒక ప్రోగ్రాము ఆగిపోయి వుంటుంది; లేదా డిస్కులో చోటు నిండిపోయి వుంటుంది; లేదా ఎవరో ఒక ఫైలులో ఒక్క చిహ్నం తప్పు రాసి వుంటారు. ఈ మూడింటినీ కనిపెట్టుకుని వుండడమే సర్వరు నిర్వహణ. కంప్యూటరు శాఖ మిత్రులకే గాక తెలుగూ, చరిత్రా చదివే మిత్రులకు కూడా అర్థమయ్యేటట్లు ఆ సంగతి చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

కనబడని పనివాళ్ళు

ఎవరూ మీట నొక్కకుండానే సర్వరులో రాత్రింబవళ్ళు నడిచే ప్రోగ్రాములను ‘సర్వీసులు’ అంటారు. యూనిక్స్ పరిభాషలో వీటికి ‘డీమన్’ అని పేరు. దయ్యమని భయపడనక్కరలేదు. ఫిజిక్స్ చదివిన మిత్రులకు మాక్స్‌వెల్ ఊహించిన భూతం గుర్తుండే వుంటుంది. రెండు గదుల మధ్య తలుపు దగ్గర కూర్చుని, వేగంగా కదిలే అణువులను ఒకవైపుకూ, నెమ్మదిగా కదిలేవాటిని మరొకవైపుకూ అలుపు లేకుండా పంపే ద్వారపాలకుడు అది. 1963 ప్రాంతంలో అమెరికాలోని ఎం.ఐ.టి.లో ప్రాజెక్ట్ మాక్ బృందం వారు, తెరవెనుక పనిచేసే తమ ప్రోగ్రాములకు ఆ భూతం పేరే పెట్టుకున్నారు.

వెబ్ సర్వరును మన హాస్టలు మెస్సుతో పోల్చవచ్చు. మెస్సులో వడ్డించేవాడు, వంటమాస్టరు, స్టోరు కీపరు వుంటారు గదా! సర్వరులోనూ సామాన్యంగా ముగ్గురుంటారు. వడ్డించేవాడు అపాచీ గాని, ఇంజినెక్స్ గాని. అపాచీ 1995లో వచ్చింది; ఇంజినెక్స్‌ను ఇగోర్ సిసోయెవ్ అనే రష్యా ప్రోగ్రామరు 2004లో విడుదల చేశాడు. వంటమాస్టరు పీహెచ్‌పీ, పైథాన్ వంటి భాషలలో రాసిన ప్రోగ్రాము. స్టోరు కీపరు మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్ వంటి డేటాబేసు. మీరు హాల్ టికెట్టు అడిగితే వడ్డించేవాడు వంటమాస్టరుకు చెబుతాడు, ఆయన స్టోరు నుంచి మీ వివరాలు తెప్పించి పేజీ తయారుచేస్తాడు.

ఇది తెలిస్తే తెర మీద కనబడే అంకెల అర్థం తెలిసినట్లే. 404 అంటే మీరడిగిన పదార్థం ఆ మెస్సులో లేదు. 403 అంటే వుంది గాని మీకు పెట్టే అనుమతి లేదు. 500 అంటే వండుతుండగా ఏదో పొరపాటు జరిగింది. 502 అంటే వడ్డించేవాడు నిలబడే వున్నాడు, లోపల్నుంచి సరైన జవాబు రాలేదు. చాలాసార్లు వంటమాస్టరు మంచాన పడ్డాడని అర్థం. 504 అంటే జవాబు కోసం చూసి చూసి వేళ మించిపోయింది. అంచేత 502 కనబడినప్పుడు వడ్డించేవాడి మీద అరిచి లాభం లేదు. వంటింట్లోకి వెళ్ళి చూడాలి.

ఈ పనివాళ్ళందరికీ ఒక మేస్త్రీ వుంటాడు. ఇప్పటి లినక్సులలో చాలావాటికి ఆ మేస్త్రీ ‘సిస్టమ్‌డీ’. 2010లో మొదలైంది. యంత్రం లేచీ లేవగానే మొదట నిలబడేది ఇదే కాబట్టి దీని వరుస నంబరు 1. దీనితో మాట్లాడడానికి ‘సిస్టమ్‌సీటీఎల్’ అనే ఆజ్ఞ వుంది. దానికి ‘స్టార్ట్’ అంటే సర్వీసు ఇప్పుడు మొదలవుతుంది, అంతే. ‘ఎనేబుల్’ అంటే యంత్రం తిరిగి లేచిన ప్రతిసారీ తనంత తానే మొదలవుతుంది. ఈ రెంటికీ తేడా తెలియని చోట్లనే, రాత్రి కరెంటు పోయి వచ్చాక యంత్రం లేస్తుంది గాని సైటు లేవదు.

సర్వీసు కూలిపోతే తిరిగి లేపే ఏర్పాటు కూడా మేస్త్రీ దగ్గర వుంది. ఐతే దానికీ హద్దుంది. మామూలు లెక్కన పది సెకండ్లలో ఐదుసార్లు మొదలుపెట్టి చూశాక, ఇక ఆరోసారి లేపనని మానేస్తుంది. అది మంచిదే. జ్వరం ఎందుకొచ్చిందో చూడకుండా మాత్ర మీద మాత్ర మింగించడం వైద్యం కాదు గదా!

కట్టడి చీటీలు

ఏ పనివాడు ఎలా పనిచెయ్యాలో రాసిపెట్టిన చీటీలే కాన్ఫిగరేషన్ ఫైళ్ళు. లినక్సులో ఇవి చాలామటుకు ‘ఈటీసీ’ అనే డైరెక్టరీలో వుంటాయి. పేరు ‘వగైరా’ అన్నట్లున్నా సర్వరు ప్రాణం అక్కడే వుంది. ఏ ద్వారం దగ్గర నిలబడాలి (మామూలు వెబ్‌కు 80, భద్రమైన వెబ్‌కు 443), ఏ సైటు ఫైళ్ళు ఎక్కడున్నాయి, డేటాబేసు పాస్‌వర్డు ఏమిటి, అన్నీ మామూలు అక్షరాలలోనే రాసి వుంటాయి. అంచేత చదవడం తేలిక. చెడగొట్టడం అంతకంటె తేలిక. ఇంజినెక్స్ చీటీలో వాక్యం చివర ఒక్క సెమికోలన్ మరిచిపోయారో, ఇక అది లేవనని భీష్మించుకుంటుంది.

ఇక్కడ రెండు ఆజ్ఞల తేడా బాగా తెలుసుకోవాలి. ‘రీస్టార్ట్’ అంటే వున్నవాణ్ణి పంపేసి మళ్ళీ పిలవడం. కొత్త చీటీలో తప్పుంటే పాతవాడు పోతాడు, కొత్తవాడు రాడు. కొండనాలుకకు మందు వేస్తే వున్న నాలుక ఊడినట్లవుతుంది. ‘రీలోడ్’ అలా కాదు. పనివాడు వుండగానే కొత్త చీటీ చేతికిస్తారు. ఇంజినెక్స్ ఆ చీటీని ముందు చదివి చూస్తుంది. తప్పుంటే పాత పద్ధతిలోనే నడుస్తుంది. సరిగా వుంటే కొత్త పనివాళ్ళను దింపి, పాతవాళ్ళను చేతిలో వున్న పని ముగించుకుని వెళ్ళనిస్తుంది. పంక్తిలో కూర్చున్నవాళ్ళు మధ్యలో లేవనక్కరలేదు. దీనికి ముందే చీటీని పరీక్షించే ఆజ్ఞలు ఇంజినెక్స్‌కూ అపాచీకీ వేర్వేరుగా వున్నాయి. ముందు పరీక్ష, తర్వాత రీలోడ్. ఈ వరుస తప్పకూడదు.

మరికొన్ని కట్టుబాట్లున్నాయి. ఫైలు మార్చేముందు నకలు తీసుకోవాలి. ‘గిట్’ వంటి సాధనంలో పెట్టుకుంటే ఎవరు, ఎప్పుడు, ఎందుకు మార్చారో కూడా తెలుస్తుంది. దూరం నుంచి లోపలికి వెళ్ళే ‘ఎస్ఎస్‌హెచ్’ సర్వీసు చీటీ మార్చేటప్పుడు, తెరిచి వున్న కిటికీని మూసెయ్యకుండా, రెండో కిటికీలోంచి వెళ్ళగలుగుతున్నామో లేదో చూసుకోవాలి. లేకపోతే తాళంచెవి లోపల పెట్టి తలుపు లాగేసినట్లే.

ఐతే ఆ నకలును ఎక్కడ పెడుతున్నామన్నది ముఖ్యం. వర్డ్‌ప్రెస్ సైటులో డేటాబేసు పాస్‌వర్డు ఒక పీహెచ్‌పీ ఫైలులో వుంటుంది. బయటివాళ్ళు ఆ ఫైలును అడిగినా, సర్వరు దాన్ని ప్రోగ్రాముగా నడుపుతుంది గాని లోపలి రాత చూపించదు. అదే ఫైలుకు పేరు చివర ‘బ్యాక్’ అని తగిలించి పక్కనే వదిలేస్తే, సర్వరుకు అది ప్రోగ్రామని తెలియదు. అడిగినవాడికల్లా పాస్‌వర్డుతో సహా అప్పగిస్తుంది. అటువంటి పేర్లున్న ఫైళ్ళను వెతుక్కుంటూ తిరిగే దొంగ ప్రోగ్రాములు ఇంటర్నెట్టు నిండా వున్నాయి. కాబట్టి నకళ్ళు వెబ్ డైరెక్టరీకి బయట వుండాలి. రహస్యాలున్న ఫైలును యజమాని తప్ప మరొకరు చదవకుండా అనుమతి 600 పెట్టాలి.

లాగ్ ఫైళ్ళు

లాగులంటే నిక్కర్లనుకునేరు! ఓడ కెప్టెను రాసే దినచర్య పుస్తకాన్ని ఇంగ్లీషులో లాగ్‌బుక్ అంటారు. ఆ మాటే ఇది. ప్రతి సర్వీసూ తాను చేసిన పనినీ, తనకు కలిగిన ఇబ్బందినీ సమయంతో సహా రాసుకుంటుంది. 1980లలో ఎరిక్ ఆల్‌మన్ తన సెండ్‌మెయిల్ ప్రోగ్రాము కోసం ‘సిస్‌లాగ్’ పద్ధతిని తయారుచేస్తే, తర్వాత అదే అందరికీ ఒరవడి అయింది. అందులో తీవ్రతను బట్టి 0 నుంచి 7 దాకా ఎనిమిది మెట్లున్నాయి. 0 అంటే కొంప మునిగిందని. 7 అంటే ప్రోగ్రాము రాసేవాడికి తప్ప మరెవరికీ అక్కరలేని సొద.

వెబ్ సర్వరు ముఖ్యంగా రెండు పుస్తకాలు రాస్తుంది. వచ్చినవాళ్ళ పుస్తకంలో ఒక్కొక్క పంక్తిలో వచ్చిన చిరునామా, వేళ, అడిగిన పేజీ, ఇచ్చిన జవాబు అంకె, పంపిన బైట్లు వుంటాయి. తప్పుల పుస్తకంలో ఏది ఎందుకు చెడిందో వుంటుంది. రెంటినీ పక్కపక్కన పెట్టి, ఒకే నిమిషం దగ్గర చదవడమే విద్య. ఇక్కడొక తిరకాసు వుంది. చాలా సర్వర్ల గడియారం అంతర్జాతీయ కాలమానంలో వుంటుంది. మన గడియారం దానికంటె ఐదున్నర గంటలు ముందు. ఉదయం 9.10కి సైటు ఆగిందని ఫిర్యాదు వస్తే పుస్తకంలో 3.40 దగ్గర వెతకాలి. తొమ్మిది గంటల దగ్గర వెతికి “ఏమీ లేదండీ” అంటే లాభం లేదు.

ఈ పుస్తకాలే ఒక్కొక్కసారి కొంప ముంచుతాయి. పట్టించుకోకపోతే పెరిగి పెరిగి డిస్కును నింపేస్తాయి. డిస్కు నిండితే డేటాబేసు రాయలేదు, సైటు ఆగుతుంది. అందుకని ‘లాగ్‌రొటేట్’ అనే సాధనం పాతవాటిని నలిపి మూటకట్టి, గడువు దాటినవాటిని పారేస్తుంది. కంగారులో పెద్ద లాగ్ ఫైలును చేత్తో చెరిపేసేవాళ్ళున్నారు. చెరిపినా చోటు రాదు! ఎంచేతనంటే సర్వీసు ఆ ఫైలును ఇంకా తెరిచి పట్టుకునే వుంటుంది. పేరు పోయినా ఒళ్ళు పోదు. సర్వీసు దాన్ని వదిలేదాకా ‘డీఎఫ్’ ఆజ్ఞ నిండిందనే చెబుతుంది, ‘డీయూ’ ఆజ్ఞకు ఆ ఫైలే కనబడదు.

అలాగని అన్నీ పారెయ్యడానికీ వీల్లేదు. మన దేశంలో సెర్ట్-ఇన్ సంస్థ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం సంస్థలు తమ లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలి. ఆ ఆదేశాలు పేర్కొన్న సైబరు దాడి జరిగితే, గమనించిన ఆరు గంటలలో తెలియజెయ్యాలి. అలాగే రాయకూడనివీ వున్నాయి. ట్విట్టర్ సంస్థ 2018 మేలో, తమ అంతర్గత లాగ్‌లో వినియోగదారుల పాస్‌వర్డులు ముసుగు లేకుండా నమోదయ్యాయని ఒప్పుకుని, 33 కోట్లకు పైగా వున్న తన ఖాతాదారులను పాస్‌వర్డు మార్చుకోమని కోరింది.

ఒక గుణపాఠం

ఈ మూడూ ఒకటిగా చెడితే ఏమవుతుందో గిట్‌ల్యాబ్ అనుభవం చెబుతుంది. 2017 జనవరి 31 రాత్రి అక్కడి ఉద్యోగి ఒకరు రెండో డేటాబేసు సర్వరులో తుడవవలసిన డైరెక్టరీని, పొరపాటున ప్రధాన సర్వరులో తుడిచేశారు. సుమారు 300 గిగాబైట్లు పోయాయి. సరే, నకళ్ళున్నాయి గదా అని చూస్తే నకళ్ళ డబ్బా ఖాళీ! నకలు తీసే సాధనం పాత వెర్షనుది కావడంతో రోజూ విఫలమవుతోంది. విఫలమైనప్పుడల్లా అది ఉత్తరం పంపుతూనే వుంది. కాని మెయిలు అమరికలోని లోపం వల్ల ఆ ఉత్తరాలు తిరస్కరణకు గురై ఎవరికీ చేరలేదు. చివరికి మరొక పని కోసం ఆరు గంటల ముందు తీసిన నకలు ఆదుకుంది. ఆ ఆరు గంటల డేటా మాత్రం పోయింది. మెచ్చుకోదగిన విషయమేమంటే, ఆ సంస్థ ఉద్యోగిని బలిపెట్టకుండా జరిగినదంతా లోకానికి రాసి చూపించింది. తీసిన నకలును తిరిగి పోసి చూడనంతవరకూ అది నకలని నమ్మరాదని అందరూ అక్కడ నేర్చుకున్నారు.

మరి సైటు ఆగినప్పుడు చెయ్యవలసిందేమిటి? మొదట సర్వీసు నడుస్తోందా, చూడాలి. రెండు, డిస్కులో చోటూ, మెమరీ వున్నాయా? మూడు, తప్పుల పుస్తకంలో ఆ నిమిషాన ఏం రాసి వుంది? నాలుగు, చివరిసారి ఏ చీటీ మార్చారు? ఐదు, ఒకసారికి ఒక్క మార్పే చేసి ఫలితం చూడాలి. గుడ్డెద్దు చేలో పడ్డట్లు నాలుగు మార్పులు ఒకేసారి చేస్తే, బాగైనా ఎందుకు బాగైందో తెలియదు. రేపు మళ్ళీ చెడుతుంది.

ఇదంతా నేర్చుకోవడానికి పెద్ద ఖర్చేమీ లేదు. మూలపడిన పాత కంప్యూటరులో ఉచితంగా దొరికే లినక్సు వేసుకుని, ఇంజినెక్స్ పెట్టి, కావాలని సెమికోలన్ తీసేసి, అది ఏమని గోలపెడుతుందో చదివి చూడండి. మన మిత్రులలో ఎందరో రేపు ఏదో ఒక ఆఫీసులో, ఆస్పత్రిలో, విశ్వవిద్యాలయంలో ఇటువంటి యంత్రానికి కాపలా కూర్చోబోతున్నారు. ఆనాడు తెరకు అవతలివైపున, చేతిలో దరఖాస్తు పట్టుకుని, గడియారం చూసుకుంటున్నవాడు మన తమ్ముడో చెల్లెలో అయివుంటారు.