పరుగు ఆగిన గుర్రం ఎవరి బాధ్యత?

దివ్యఖుర్ఆన్‌లోని 100వ సూరా పేరు ‘అల్ ఆదియాత్’. రొప్పుతూ, గిట్టల తాకిడికి నిప్పురవ్వలు రాలుస్తూ, వేకువజామున దుమ్ము రేపుతూ దూసుకుపోయే గుర్రాలపై ప్రమాణంతో ఆ సూరా ఆరంభమవుతుంది. ఆ వెంటనే మానవుడు తన ప్రభువు పట్ల ఎంతటి కృతఘ్నుడో ప్రస్తావిస్తుంది. ఈ రెండింటి నడుమ ఉన్న సంబంధాన్ని వ్యాఖ్యాతలు చక్కగా వివరించారు. తనకు గడ్డి, నీరు అందించే యజమాని కోసం గుర్రం ప్రాణాలకు తెగించి పరుగెడుతుంది. తనకు సర్వమూ ప్రసాదించిన ప్రభువును మాత్రం మానవుడు మరచిపోతాడు.

నేటి గుర్రప్పందేల లోకాన్ని పరిశీలిస్తే మానవుని కృతఘ్నత మరో రూపంలో కూడా కనిపిస్తుంది. అది తన కోసం పరుగెత్తిన ఆ మూగజీవి పట్ల చూపే కృతఘ్నత. గుర్రప్పందెం అనగానే మనం జూదం గురించి మాట్లాడుకుంటాం. అది సమంజసమే. కానీ పందెంలో ఓడిన మనిషి గురించి ఆలోచించే మనం, గెలిచి అలసిపోయిన గుర్రం గతి ఏమిటని ఆలోచించడం అరుదు. షరీఅత్ మాత్రం ఈ రెండింటి గురించీ మాట్లాడింది.

దైవప్రవక్త (సఅసం) నిర్వహించిన పోటీలు

ఇస్లాం గుర్రాల పరుగును నిషేధించలేదు. గుర్రాల నుదుటి జూలులో ప్రళయదినం వరకూ మేలు ముడివడి ఉందని దైవప్రవక్త (సఅసం) తెలియజేశారు. ఆయన స్వయంగా మదీనాలో పోటీలు జరిపించారు. శిక్షణతో ఒళ్లు బిగిసిన గుర్రాలకు హఫ్యా నుంచి సనియ్యతుల్ విదా వరకు, అంటే సుమారు 5 లేక 6 మైళ్ల దూరం నిర్ణయించారు. అటువంటి శిక్షణ లేని గుర్రాలను సనియ్యతుల్ విదా నుంచి బనూ జురైఖ్ మస్జిదు వరకు, సుమారు ఒక మైలు మాత్రమే పరుగెత్తించారు. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) కూడా ఆ పోటీల్లో పాల్గొన్నారని సహీహ్ బుఖారీలో ఉంది. జంతువు శక్తిని బట్టే దూరాన్ని నిర్ణయించాలన్న పాఠం ఇందులో ఉంది. ఆయన తన పైవస్త్రంతో గుర్రం ముఖాన్ని తుడిచిన ఉదంతాన్ని ఇమామ్ మాలిక్ (రహ్మలై) ‘ముఅత్తా’లో పొందుపరిచారు.

పాలకుడో, పోటీలో లేని మరొకరో విజేతకు బహుమతి ఇస్తే అది ధర్మసమ్మతం. ఇరుపక్షాలూ సొమ్ము ఒడ్డి, ఓడినవాని సొమ్మును గెలిచినవాడు తీసుకుంటే అది జూదం. ఇక వీక్షకులు కాసే పందేల విషయంలో సందేహానికే తావు లేదు. సూరా అల్ మాయిదా 90వ ఆయతు మద్యాన్నీ, జూదాన్నీ ఒకే వరుసలో చేర్చి, వాటిని షైతాను పనులుగా ప్రకటించింది. గుర్రప్పందెం నైపుణ్యంతో కూడిన ఆట అని మన సుప్రీంకోర్టు 1996లో తీర్పు చెప్పింది. అది దేశ చట్టానికి సంబంధించిన మాట. విశ్వాసి హలాల్, హరామ్‌లను తూచుకునే త్రాసు వేరు. హైదరాబాద్ మలక్‌పేటలో రేసుల రోజున ఇంటి ఖర్చుల సొమ్ము కౌంటరులో పోసి వట్టి చేతులతో ఇంటికి చేరే తండ్రికి ఏ తీర్పూ ఊరట కాజాలదు.

పందెపు గుర్రం జీవితం

ప్రపంచమంతటా పందేల్లో పరుగెత్తే ‘థరోబ్రెడ్’ జాతికి మూలపురుషులుగా మూడు మగ గుర్రాలను చెబుతారు. అవి తూర్పు దేశాల నుంచి ఇంగ్లాండుకు చేరినవి. వాటిలో డార్లీ అరేబియన్ అనేదాన్ని 1704లో సిరియాలోని హలబ్ నగరం నుంచి తీసుకుపోయారు. అంటే అరబ్బులు తమ గుడారాల చెంత బిడ్డల్లా పెంచుకున్న జాతి రక్తమే నేటి పందెపు గుర్రాల్లో ప్రవహిస్తోంది.

గుర్రం సహజ ఆయుర్దాయం 25 నుంచి 30 సంవత్సరాలు. పందెపు గుర్రాన్ని మాత్రం రెండేళ్ల వయసులోనే, ఎముకలు పూర్తిగా ముదరకముందే మైదానంలో దింపుతారు. చాలా గుర్రాల పరుగు ఏడెనిమిదేళ్లలోపే ముగుస్తుంది. స్వేచ్ఛగా ఉంటే గుర్రం మందతో కలిసి రోజులో అధిక భాగం మేస్తూ తిరుగుతుంది. పందెపు గుర్రం దినంలో ఎక్కువ గంటలు లాయంలో ఒంటరిగా నిలబడి ఉంటుంది. గడ్డి తగ్గించి ధాన్యపు దాణా పెంచుతారు. గుర్రం కడుపులో ఆమ్లం నిరంతరం ఊరుతూనే ఉంటుంది కనుక, శిక్షణలో ఉన్న గుర్రాల్లో అత్యధికం కడుపులో పుండ్లతో బాధపడతాయి. తీవ్రమైన పరుగులో ఊపిరితిత్తుల్లో రక్తస్రావం కావడం కూడా సాధారణమే.

కాలు విరిగితే ఆపద మరింత పెద్దది. సుమారు 500 కిలోల బరువు మిగతా మూడు కాళ్లపై పడి, వాటి గిట్టలు కూడా దెబ్బతింటాయి. అమెరికాలో 2006 కెంటకీ డెర్బీ గెలిచిన బార్బరో అనే గుర్రానికి రెండు వారాలకే మరో పందెంలో కాలు విరిగింది. నెలల తరబడి ఖరీదైన చికిత్స చేసినా ఫలితం లేక 2007 జనవరిలో దాని బాధను ముగించవలసి వచ్చింది.

పరుగు ఆగిన తర్వాత

మేటి గుర్రాల్లో కొన్నింటిని సంతానం కోసం ఉంచుకుంటారు. మిగిలినవాటిలో కొన్ని స్వారీ శిక్షణ కేంద్రాలకు, మరికొన్ని పెళ్లి ఊరేగింపులకు చేరతాయి. మంచి యజమాని దొరికితే వాటి అదృష్టం. లేనివి చేతులు మారుతూ, మారిన ప్రతిసారీ విలువ తగ్గుతూ పోతాయి.

గొప్ప విజయాలు కూడా వాటిని కాపాడలేవు. 1986 కెంటకీ డెర్బీ విజేత ఫెర్డినాండ్ మరుసటి సంవత్సరం అమెరికాలో ‘ఉత్తమ అశ్వం’ బిరుదు కూడా పొందింది. 1994లో సంతానోత్పత్తి కోసం దాన్ని జపానుకు అమ్మారు. అక్కడ దానితో అవసరం తీరిపోయింది. 2002లో అది కబేళాలో అంతమైందన్న నిజం మరుసటి ఏడాది లోకానికి తెలిసింది.

ఆ వార్త ఎందరినో కదిలించింది. 1997 డెర్బీనీ, 1998 దుబాయ్ ప్రపంచ కప్పునూ గెలిచిన సిల్వర్ చార్మ్ కూడా అలాగే జపానుకు వెళ్లింది. కానీ 2014లో దాన్ని స్వదేశానికి తిరిగి తీసుకువచ్చి, వృద్ధ పందెపు గుర్రాల కోసం 2003లో మైకేల్ బ్లోవెన్ కెంటకీలో నెలకొల్పిన ‘ఓల్డ్ ఫ్రెండ్స్’ ఆశ్రయంలో విడిచారు. ఈ రెండు గుర్రాలూ ఒకే పందెంలో గెలిచినవే. వాటి అంతిమ దశల్లోని తేడాకు కారణం పరుగు కాదు, మనుషుల బాధ్యతాభావం.

ధర్మశాస్త్రం చెప్పిన మాట

ఈ బాధ్యతాభావం మనకు కొత్తది కాదు. హిజ్రీ 660లో మరణించిన ఇమామ్ ఇజ్జుద్దీన్ బిన్ అబ్దుస్సలామ్ (రహ్మలై) మనిషిపై జంతువులకు గల హక్కులను వివరిస్తూ, జంతువు ముసలిదై లేక రోగగ్రస్తమై ఏ ప్రయోజనానికీ పనికిరాకపోయినా దాని పోషణ యజమాని విధి అని స్పష్టం చేశారు. శక్తికి మించిన బరువు మోపరాదని కూడా అందులోనే పేర్కొన్నారు. పోషించలేని యజమాని దాన్ని పోషించగలవారికి అప్పగించాలే తప్ప ఆకలికి వదిలివేయరాదని ధర్మవేత్తలు నిర్ణయించారు. డమాస్కస్‌లోని ఒక పచ్చిక మైదానాన్ని వృద్ధ జంతువుల మేత కోసం వక్ఫ్ చేశారని సిరియా పండితుడు ముస్తఫా సిబాయీ (రహ్మలై) రాశారు.

ఒక అన్సారీ తోటలో ఒంటె దైవప్రవక్త (సఅసం)ను చూసి కన్నీరు కార్చిన ఉదంతం సుననె అబూదావూద్‌లో ఉంది. ఆయన దాని తల నిమిరి ఊరడించారు. తర్వాత యజమానిని పిలిపించి, అల్లాహ్ నీ అధీనంలో ఉంచిన ఈ జీవి విషయంలో అల్లాహ్‌కు భయపడవా అని మందలించారు. ఆకలితో ఉంచి అతిగా పని చేయించుకోవడమే ఆ ఒంటె ఫిర్యాదు.

మనలో పందెపు గుర్రాల యజమానులు బహుశా ఎవరూ ఉండరు. కానీ పెళ్లికొడుకును ఊరేగించే గుర్రాన్ని మన ఇళ్లవారే అద్దెకు మాట్లాడుతున్నారు. అది కుంటుతోందా, దాని వీపుపై పుండు ఉందా, నీళ్లు పెట్టారా అని చూడటం మన బాధ్యత. దాని చెవుల దగ్గర టపాకాయలు పేల్చకుండా ఆపడమూ మన బాధ్యతే. పాలు ఆగిన గేదె, దుక్కికి చాలని ఎద్దు విషయంలోనూ ధర్మం ఇదే. ప్రయోజనం ఉన్నంతవరకే పోషణ అన్న లెక్కను పిల్లలు పశువుల పాకలో నేర్చుకుంటే, రేపు ఆ లెక్కనే ఇంట్లోని వృద్ధులకూ వర్తింపజేస్తారు. సేవ చేసిన ప్రాణికి సేవ ముగిసిన తర్వాత కూడా అన్నం పెట్టాలని మన ఇళ్లలోనే నేర్పుదాం.