రేడియేషన్: దేనికి భయపడాలి, దేనికి అక్కర్లేదు

క్యాంపు పక్కన మొబైల్ టవర్ లేస్తే మనవాళ్లలో చాలామందికి గుబులు. అదే మనిషి సైట్‌లో వెల్డింగ్ మెరుపును ఉత్త కళ్లతో చూస్తూ పైపు పట్టుకుని నిలబడతాడు. భయపడాల్సింది రెండోదానికి.

టవర్ సిగ్నల్, మైక్రోవేవ్, వెలుతురు, ఎక్స్‌రే, గామా అన్నీ ఒకే జాతి తరంగాలు. పొడవాటి అలలకు బలం తక్కువ, పొట్టి అలలకు ఎక్కువ. రేడియో, మైక్రోవేవ్ చేసేది వేడి పుట్టించడమే. అతినీలలోహిత కిరణాలు మొదలుకుని ఆ పైవి ఒంట్లోని కణాలను దెబ్బతీయగలవు.

మైక్రోవేవ్‌లో వేడిచేసిన అన్నంలో రేడియేషన్ ఉంటుందా అని ఇళ్లలో పనిచేసే అక్కలు అడుగుతుంటారు. ఉండదు. ఆపగానే తరంగాలూ ఆగిపోతాయి. తలుపు సరిగా పడకపోతే మాత్రం వాడకుండా మేడమ్‌కు చెప్పండి. మెడికల్‌లో తీసే ఛాతీ ఎక్స్‌రే కూడా ఒంట్లో నిలవదు. గర్భం ఉందేమో అనిపిస్తే గదిలోకి పోకముందే చెప్పాలి.

వెల్డింగ్ మెరుపులో అతినీలలోహిత కిరణాలు దండిగా ఉంటాయి. చిక్కేమిటంటే, దెబ్బ అప్పుడే తెలియదు. 6 నుంచి 12 గంటలు గడిచాక, రూమ్‌లో పడుకున్నప్పుడు కళ్లలో ఇసుక పోసినట్టు మంట, నీళ్లు. బంగాళాదుంప ముక్కలు పెట్టుకోకండి, నలపకండి, డాక్టర్ దగ్గరికి వెళ్లండి. వెల్డర్‌కు ముసుగు ఇచ్చి హెల్పర్‌ను మరిచిపోయే ఫోర్‌మన్‌లు ఉన్నారు. అడగండి. యూఏఈ, ఖతార్, సౌదీ చట్టాల ప్రకారం రక్షణ సామాను ఇవ్వాల్సింది యజమానే.

అన్నింటికన్నా ప్రమాదం గామా. గ్యాస్, ఆయిల్ పైపుల జాయింట్లలో లోపాలు పట్టడానికి ఇరిడియం-192 అనే లోహపు ముక్కతో ఫొటో తీస్తారు. గోరంత కూడా ఉండదది. మనుషులు తక్కువుంటారని తరచూ రాత్రిపూట చేస్తారు. కంటికి కనబడదు, వాసన రాదు. తాడు కట్టి, మూడు రెక్కల గుర్తున్న పసుపు బోర్డు పెడితే దగ్గరి దారైనా సరే, దాటొద్దు. దూరం రెండింతలైతే తగిలేది నాలుగో వంతే.

1999లో పెరూ దేశంలోని యనాంగోలో ఒక వెల్డర్ సైట్‌లో దొరికిన ఇరిడియం ముక్కను ప్యాంటు జేబులో వేసుకున్నాడు. చివరికి కాలు తీసేయాల్సి వచ్చింది. అందుకే ఏమిటో తెలియని చిన్న లోహపు ముక్క కనబడితే ముట్టుకోకండి. దూరం జరిగి, మిగతావాళ్లనూ జరగమని, సేఫ్టీ ఆఫీసర్‌ను పిలవండి. పొరపాటున ముట్టుకుంటే ఆ మాట దాచకుండా అదే రోజు ఆసుపత్రిలో చెప్పండి.

ఆ ఫొటోలు తీసే బృందంలోకే మిమ్మల్ని పంపితే, రేడియేషన్ కొలిచే బ్యాడ్జి ముందే మీ చొక్కాకు ఉండాలి. అందులో నమోదైన లెక్కను చూపించమని అడిగే హక్కు మీది.