మత్తులో మనకు ఊపిరి పోసే తిత్తి

"ఆపరేషనంటే భయం లేదండీ, మత్తంటేనే భయం!"

ఈ మాట ఎప్పుడో ఒకప్పుడు మీరూ అనే ఉంటారు. లేదా మీ అత్తగారో, పిన్నిగారో అనగా వినే ఉంటారు. సర్జన్ ఎవరు, చెయ్యి మంచిదేనా, కుట్లు ఎన్ని పడతాయి అని పదిమందిని అడిగి తెలుసుకుంటాం. మత్తు డాక్టరు పేరు మాత్రం చాలామందికి డిశ్చార్జి కాగితం చూసేదాకా తెలియదు. ఇక ఆ మత్తులో గంటో రెండు గంటలో మన ఊపిరి ఎలా ఆడుతుందన్న సంగతి అసలు తోచనే తోచదు. పూర్తి మత్తిచ్చి చేసే పెద్ద ఆపరేషన్లు చాలావాటిలో మనంతట మనం ఊపిరి పీల్చం. మన బదులు ఆ పని ఒక యంత్రం చేస్తుంది.

"వెంటిలేటరా! అమ్మో!" అనకండి. కరోనా రోజుల్లో, 2020లోనూ 2021లోనూ, విన్న కబుర్లవల్ల ఆ పేరంటేనే మనకు గుండె జారుతుంది. అక్కడ వెంటిలేటరు పెట్టింది ఊపిరితిత్తులు దెబ్బతిన్నవారికి. ఆపరేషన్ థియేటరులో ఉండేది దానికి అక్కచెల్లెలు లాంటిదే కానీ, ఊపిరితిత్తులు చక్కగా ఉన్నవారికి కూడా వాడతారు, ఆపరేషన్ కాగానే తీసేస్తారు. (అన్నట్టు, 2020లో వెంటిలేటర్లు చాలక కొన్ని దేశాల్లో ఈ మత్తు యంత్రాలనే కరోనా వార్డులకు తరలించారు.)

ఊపిరి ఎందుకు ఆగుతుంది?

మత్తంటే ఒక్క మందు కాదు. నిద్రకు ఒకటి, నొప్పికి ఒకటి, కండరాలు వదులు కావడానికి ఇంకొకటి. పొట్ట బిగుసుకుని ఉంటే సర్జన్ లోపల పని చెయ్యలేడు. అందుకే ఈ మూడో మందు. దక్షిణ అమెరికా అడవుల్లో వేటగాళ్ళు బాణాలకు పూసే క్యూరేర్ అనే విషంనుంచి వచ్చింది ఇది. 1942లో కెనడాలోని మాంట్రియల్‌లో హెరాల్డ్ గ్రిఫిత్, ఎనిడ్ జాన్సన్ అనే ఇద్దరు డాక్టర్లు దాన్ని మత్తుతోపాటు వాడి చూపించారు. ఇద్దరిలో ఎనిడ్ మహిళ అని వేరే చెప్పనక్కర్లేదు కదూ!

ఈ మందు పొట్ట కండరాలనే వదలమంటే వినదు. ఛాతీకీ పొట్టకీ మధ్య గొడుగులా ఉండే డయాఫ్రం కూడా కండరమే, అదీ వదులైపోతుంది. గుండె కండరం జాతి వేరు కాబట్టి దాని పని అది చేసుకుంటూనే ఉంటుంది. ఊపిరి మాత్రం ఆగుతుంది. అప్పుడు గొంతులోంచి శ్వాసనాళంలోకి ఒక గొట్టం వేసి, దాన్ని యంత్రానికి తగిలిస్తారు.

మొదట్లో ఈ పని చేత్తోనే చేసేవారు. రబ్బరు సంచీ పట్టుకుని నొక్కడం, వదలడం. 1952లో డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగెన్‌లో పోలియో విరుచుకుపడి రోగుల శ్వాస ఆగిపోతుంటే, బ్యోర్న్ ఇబ్సెన్ అనే మత్తు డాక్టరు సలహామీద దాదాపు 1500 మంది వైద్యవిద్యార్థులు వంతులు వేసుకుని, రాత్రింబవళ్ళు సంచులు నొక్కి ఎందరినో బతికించారు. మనిషి చెయ్యి అలిసిపోతుంది, ఒక నొక్కు మరో నొక్కులా ఉండదు. ఆ చేతి పనికి మర వచ్చింది. అదే వెంటిలేటరు.

జాడీలో తిత్తి

మన భాషలో వాటిని ఊపిరి 'తిత్తులు' అన్నవారెవరో గానీ, సరిగ్గా చెప్పారు. ఈ యంత్రంలో ఉన్నదీ తిత్తే. లోపలిది బయటికి కనిపించే ప్లాస్టిక్ డబ్బా ఒకటి, ఆవకాయ జాడీ అంత ఉంటుంది. అందులో హార్మోనియానికి ఉన్నట్టు మడతలు మడతలుగా ఒక రబ్బరు తిత్తి. తిత్తి లోపల ఉన్నది రోగి పీల్చే గాలి: ఆక్సిజన్, మత్తు ఆవిరి కలిసినది. తిత్తికీ డబ్బాకీ మధ్య ఉన్న ఖాళీలోకి మరో గాలిని ఒత్తిడితో పంపిస్తారు. ఆ గాలి తిత్తిని పైనుంచి అణుస్తుంది. లోపలి గాలి గొట్టంగుండా రోగి ఊపిరితిత్తుల్లోకి వెళుతుంది.

పాలగిన్నెను నీళ్ళగిన్నెలో పెట్టి కాస్తాం చూడండి, వేడి దాటుతుంది కానీ నీళ్ళు పాలలో కలవవు. ఇక్కడా అంతే. ఒత్తిడి దాటుతుంది, ఈ గాలి ఆ గాలిలో కలవదు.

తర్వాత బయటి గాలిని వదిలేస్తారు. అప్పుడు యంత్రం రోగి ఛాతీలోంచి గాలిని లాగుతుందని చాలామంది అనుకుంటారు. లాగదు. సాగదీసిన రబ్బరు వదిలితే ముడుచుకున్నట్టు ఊపిరితిత్తులు వాటంతట అవే ముడుచుకుంటాయి, గాలి వెనక్కి వస్తుంది, తిత్తి మళ్ళీ పైకి లేస్తుంది. కొత్త గాలి వచ్చి చేరుతూనే ఉంటుంది కాబట్టి తిత్తి నిండా నిండాక మిగిలినది పోవడానికి ఒక కవాటం తెరుచుకుంటుంది, ప్రెషర్ కుక్కర్ వెయిట్ లేచినట్టు. ఆ మిగులు గాలిని గొట్టంద్వారా థియేటరు బయటికి పంపేస్తారు, లేకపోతే డాక్టర్లకూ నర్సులకూ కూడా మత్తు వాసన తప్పదు.

ఒక్క పోలిక దగ్గర మాత్రం జాగ్రత్త. కుక్కర్‌తో పోలిస్తే ఇక్కడి ఒత్తిడి చాలా చాలా తక్కువ. మామూలుగా ఊపిరితిత్తులు నిండడానికి 15, 20 సెంటీమీటర్ల నీటి ఒత్తిడి చాలు, అంటే జానెడు లోతు నీళ్ళు అడుగున మోపే బరువు. కుక్కర్‌లో ఉండేది దానికి 50 రెట్లు. ఒత్తిడి 30 దాటకుండా చూసుకుంటారు. ఊపిరితిత్తుల్లోని గదులు అంత సున్నితం.

ఇప్పుడు అసలైన తెలివి చెబుతాను. వెనకటి యంత్రాలు కొన్నింటిలో తిత్తి పైనుంచి వేలాడేది. అడుగున బరువు ఉండేది కాబట్టి దానంతటది కిందికి సాగేది. చూడ్డానికి బాగానే ఉండేది. కానీ మధ్యలో గొట్టం ఊడిపోయిందనుకోండి, ఊడినచోటినుంచి థియేటరులోని గాలినే పీల్చుకుని అది యథాప్రకారం కిందికీ పైకీ ఆడుతూనే ఉండేది. అవతల రోగికి ఊపిరి అందడం లేదు, ఇవతల తిత్తి నాట్యం చేస్తోంది! తర్వాత తిత్తిని తలకిందులు చేశారు. అడుగున బిగించి, రోగి వదిలిన గాలితోనే పైకి లేచేలా పెట్టారు. గొట్టం ఊడితే ఇది లేవదు, కుప్పకూలి అలాగే పడుకుంటుంది. గది అవతలివైపు నుంచి చూసినా తెలిసిపోతుంది. పెద్ద ఎలక్ట్రానిక్ విద్యేమీ కాదు, తిరగేసి పెట్టడమే. నా మటుకు నాకు ఈ యంత్రం మొత్తంలో ఇంతకన్నా గొప్ప భాగం కనిపించలేదు.

తిత్తికి చిల్లు పడితే మరో చిక్కు. బయటినుంచి నొక్కే గాలి లోపలికి చొరబడి రోగికి వెళ్ళాల్సిన దానికన్నా ఎక్కువ వెళుతుంది. అందుకే ప్రతిరోజూ మొదటి ఆపరేషన్‌కి ముందు యంత్రం ఎక్కడైనా గాలి వదులుతోందేమో పరీక్ష చెయ్యాలి.

చిన్న ఊళ్ళ నర్సింగ్‌హోముల్లో ఇంకో సంగతి ఉంది. తిత్తిని నొక్కడానికి కూడా చాలాచోట్ల ఆక్సిజనే వాడతారు. రోగికి నిమిషానికి ఒకటి రెండు లీటర్లు ఇస్తున్నా, నొక్కడానికి తేలిగ్గా ఐదారు లీటర్లు ఖర్చవుతుంది. సిలిండరు అనుకున్నదానికన్నా ముందే ఖాళీ! కొత్త యంత్రాలు కొన్నింటిలో గాలికి బదులు కరెంటు మోటారు, సైకిలు పంపులాంటి పిస్టన్ ఉంటాయి. వాటికి ఆ ఖర్చు లేదు. ఏ యంత్రమైనా సరే, పక్కన చేత్తో నొక్కే సంచీ ఒకటి సిద్ధంగా ఉండితీరాలి. సిలిండర్లు తారుమారు కాకుండా కూడా ఏర్పాటు ఉంది: ఒక కంపెనీ మిక్సీ జారు ఇంకో కంపెనీ మిక్సీమీద కూర్చోనట్టే, ఆక్సిజన్ బిగించేచోట వేరే గ్యాసు సిలిండరు కూర్చోదు.

తాంబూలం సున్నమే!

రోగి వదిలిన గాలిలో మత్తు ఆవిరి ఇంకా మిగిలే ఉంటుంది. అది ఖరీదైనది, పారబోయడమెందుకు? మళ్ళీ తిప్పి వాడతారు. అందులోని బొగ్గుపులుసు వాయువును మాత్రం తీసేయాలి. దానికి వాడేది సోడాలైమ్. అందులో ముఖ్యమైనది మనం తాంబూలంలో రాసుకునే తడిసున్నమే. గోడకు వేసిన వెల్ల గాలిలోని ఆ వాయువును పీల్చుకునే గట్టిపడుతుంది. ఇక్కడ ఆ పని నిమిషాల్లో జరుగుతుంది, డబ్బా తాకితే వెచ్చగా ఉంటుంది కూడా. గుళికల్లో రంగు కలుపుతారు. కొన్ని రకాల్లో తెల్లగా ఉన్నవి అయిపోయేకొద్దీ ఊదారంగుకు తిరుగుతాయి. ఒక తమాషా ఏమిటంటే, వాడకుండా ఉంచితే ఆ ఊదారంగు వెలిసి మళ్ళీ తెల్లబడవచ్చు. సత్తువ తిరిగొచ్చిందని మోసపోకూడదు.

ఎంత గాలి, ఎన్నిసార్లు?

కిలో బరువుకు 6 నుంచి 8 మిల్లీలీటర్ల చొప్పున ఒక్కో ఊపిరికి లెక్కకడతారు. అయితే కాటా మీది బరువు కాదు సుమా! ఎత్తునుబట్టి ఉండాల్సిన బరువు. మనం లావైనంత మాత్రాన ఊపిరితిత్తులు పెరగవు కదా! 155 సెంటీమీటర్ల ఎత్తున్న ఆవిడకు ఒక్కో ఊపిరి సుమారు 290 నుంచి 380 మిల్లీలీటర్లు, మంచినీళ్ళ గ్లాసుకు కాస్త అటూఇటూ. నిమిషానికి 12, 14 సార్లు. లోపలికి పంపే సమయం ఒక వంతు, బయటికి రావడానికి రెండు వంతులు. ఉబ్బసం ఉన్నవారికి గాలి బయటికి రావడం ఆలస్యం, కాబట్టి ఆ వంతు ఇంకా పెంచాలి. ఉబ్బసం సంగతి దాచకుండా చెప్పమనేది ఇందుకే.

పిత్తాశయంలో రాళ్ళకు చేసే లాప్రోస్కోపీ ఆపరేషనే తీసుకోండి. పొట్టలోకి బొగ్గుపులుసు వాయువు నింపి ఉబ్బిస్తారు. డయాఫ్రం పైకి తోసుకొస్తుంది, ఊపిరితిత్తులకు చోటు తగ్గుతుంది, ఒత్తిడి ముల్లు పెరుగుతుంది. పైగా ఆ వాయువు కొంత రక్తంలోకి ఇంకుతుంది, దాన్నీ ఊపిరితోనే బయటికి పంపాలి. గర్భసంచి ఆపరేషన్‌లో తల కిందికి వంచి పడుకోబెడితే పేగుల బరువు కూడా తోడవుతుంది. మత్తు డాక్టరు అంకెలు మారుస్తూనే ఉండాలి. ఒకసారి సెట్ చేసి కుర్చీలో కూర్చునే పని కాదది.

గొట్టం ఊడినా, మెలిపడినా, కఫం అడ్డుపడినా యంత్రం గంట కొడుతుంది. వదిలిన గాలిలో బొగ్గుపులుసు వాయువు ఎంతుందో తెరమీద కొండల వరసలా కనిపిస్తుంది. కొండలు మాయమయ్యాయంటే ఊపిరి అందడం లేదేమోనని వెంటనే చూస్తారు. వేలికి పెట్టే క్లిప్పు రక్తంలో ఆక్సిజన్ చెబుతుంది. గంట కొట్టేది యంత్రం, పరుగెత్తేది మనిషి.

'ఊపిరిమీద కన్నేసి ఉంచండి' అన్న మాటకు మన హైదరాబాదుకూ సంబంధం ఉంది. 1888, 1889లలో ఎడ్వర్డ్ లారీ అనే సర్జన్ ఆధ్వర్యంలో నిజాం ప్రభుత్వ ఖర్చుతో ఇక్కడ రెండు క్లోరోఫాం కమిషన్లు పనిచేశాయి. నాడి కాదు, ఊపిరి చూడాలని తేల్చాయి. క్లోరోఫాం గుండెను కూడా ఉన్నట్టుండి ఆపగలదని తర్వాత తెలిసింది. ఇప్పుడు రెండూ చూస్తారు. లారీ దగ్గర చదువుకుని క్లోరోఫాం ఇవ్వడంలో పేరు తెచ్చుకున్న రూపాబాయి ఫర్దూంజీని ప్రపంచంలోనే తొలి మహిళా మత్తు డాక్టరుగా చెప్పుకుంటారు.

మీ వంతు

యంత్రం గాలిని నెట్టగలదు, ఊపిరితిత్తుల్లో పడ్డ ఇడ్లీముక్కను తియ్యలేదు. మత్తులో కడుపు మూత వదులై లోపలున్నది పైకి ఎగదన్నుతుంది, దగ్గు రాదు, అది శ్వాసనాళంలోకి జారుతుంది. "పాపం, పొద్దుటినుంచీ ఏమీ లేదు" అని చాటుగా టిఫిన్ పెట్టే ప్రేమ ఎంత ప్రమాదమో ఆలోచించండి. మామూలు తిండికి 6 గంటలు, నూనె వంటకాలకు 8, చంటిపిల్లలకు తల్లిపాలు ఆపి 4, మంచినీళ్ళకు 2 గంటలు, లేదా మీ డాక్టరు చెప్పినట్టు. పొరబాటున తిన్నా చెప్పేయండి, ఆపరేషన్ వాయిదా పడితే పడుతుంది. బరువు తగ్గడానికీ షుగరుకూ వారానికోసారి వేసుకునే ఇంజెక్షన్లు కడుపు ఖాళీ కావడాన్ని ఆలస్యం చేస్తాయి, వాటి సంగతీ చెప్పాలి. కదిలే పన్ను, కట్టుడుపళ్ళు, గట్టి గురక కూడా. గోళ్ళరంగు తీసేసి వెళ్ళండి, వేలి క్లిప్పుకు అడ్డు.

సిజేరియన్‌కు చాలావరకు నడుములో ఇంజెక్షన్ ఇస్తారు, అప్పుడు మీ ఊపిరి మీదే. అయినా యంత్రం పక్కన సిద్ధంగానే ఉంటుంది.

ఆపరేషన్ అయ్యాక కండరాల మందుకు విరుగుడిస్తారు. "కళ్ళు తెరవండమ్మా, తల ఎత్తండి" అంటారు. బాగా ఎత్తి, మీ అంతట మీరు ఊపిరి తీసుకుంటుంటే గొట్టం తీసేస్తారు. ఒకటి రెండు రోజులు గొంతు గరగరలాడితే కంగారు పడకండి.

ఒక్క సందర్భం మాత్రం గుర్తుంచుకోండి. గొట్టం వేసేముందు కొందరికి సక్సామెథోనియం అనే మందిస్తారు. అయిదు పది నిమిషాల్లో దాని పని అయిపోవాలి. దాన్ని విరిచే ఎంజైము పుట్టుకతోనే లేనివారికి గంటలకొద్దీ కండరాలు కదలవు. మన ఆర్యవైశ్య కుటుంబాల్లో ఇది మిగతావారికన్నా ఎక్కువగా కనిపిస్తుందని మత్తు డాక్టర్లకు తెలుసు. అప్పుడు మందు దిగేదాకా నిద్రలోనే ఉంచి, వెంటిలేటరుమీద ఓపిగ్గా ఊపిరి పోస్తారు, తర్వాత మామూలుగా లేస్తారు. మీ ఇంట్లో ఎవరైనా ఆపరేషన్ తర్వాత ఊపిరి అందుకోవడానికి గంటలు పట్టిందని విని ఉంటే, ఆనాటి కాగితం వెతికి పట్టుకెళ్ళండి. రక్తపరీక్షతో ఆ లోపం తెలుస్తుంది. అది మీ అన్నదమ్ములకూ అక్కచెల్లెళ్ళకూ ఉండవచ్చు, వారికీ ఒక ఫోను కొట్టి చెప్పండి.