చీమలకు జట్టు కుదురుతుందా?

వజ్రకరూరు అంటే వజ్రాల ఊరు. తొలకరి వాన పడగానే జనం చేలల్లో నేల చూసుకుంటూ నడుస్తారు. ఎక్కడైనా రాయి మెరుస్తుందేమోనని వెతుకుతారు. ఆ నేల మీదనే చీమలు కూడా బారులు తీరి నడుస్తుంటాయి. వాటిని ఎవరూ పట్టించుకోరు.

చీమలన్నీ ఒకటి కావు. పెద్దగా నల్లగా ఉండేవి గండుచీమలు. కుట్టి మంట పుట్టించేవి ఎర్రచీమలు. బెల్లం డబ్బా చుట్టూ చేరే చిన్నవి చలిచీమలు. గింజలు మోసుకుపోయి పుట్టలో దాచుకునే చీమలు కూడా ఉన్నాయి. వాటి పుట్ట నోటి దగ్గర పొట్టు కుప్పగా కనిపిస్తుంది.

ఈ చీమలన్నింటినీ పట్టి ఒకే గాజు సీసాలో వేస్తే ఏమవుతుంది? పోట్లాట మొదలవుతుంది. ఒకదాని కాలు ఒకటి కొరుకుతుంది. ఎర్రచీమ కొండితో కుడుతుంది. గండుచీమకు కొండి లేదు. అది కొరికి, ఘాటైన రసం చిమ్ముతుంది. ఆ రసం పేరు ఫార్మిక్ ఆమ్లం. మూత బిగించిన సీసాలో ఆ ఘాటు ఎక్కువైతే, చిమ్మిన చీమ కూడా చచ్చిపోతుంది.

మరి ఒకే చేనులో ఇన్ని రకాలు ఎలా బతుకుతున్నాయి? చేనులో చోటు ఉంది. ఒక రకం రాయి కింద ఉంటుంది. ఇంకొకటి చెట్టు మొదట్లో ఉంటుంది. కొన్ని పగలు తిరుగుతాయి. గండుచీమలు పొద్దుగూకినాక ఎక్కువగా తిరుగుతాయి. కొన్నింటికి గింజలు కావాలి. కొన్నింటికి చచ్చిన పురుగులు కావాలి. కొన్నింటికి తీపి కావాలి. సీసాలో పడితే తప్పుకుని పోయే దారి లేదు. అందుకే పోట్లాట.

చీమకు తన వాళ్ళెవరో, పరాయి వాళ్ళెవరో ఎలా తెలుస్తుంది? వాసనతో తెలుస్తుంది. చీమ ఒంటి మీద పలుచని మైనం లాంటి పూత ఉంటుంది. ఒక్కొక్క పుట్టకు ఒక్కొక్క వాసన. రెండు చీమలు ఎదురైతే మీసాలతో తాకి చూసుకుంటాయి గదా! అది వాసన చూడడమే. ఒకే రకం చీమ అయినా, వేరే పుట్టదైతే చాలాసార్లు తరిమేస్తాయి.

ఈ సంగతిని బాగా పరీక్షించిన ఒక స్త్రీ ఉన్నారు. ఆమె పేరు ఎడెల్ ఫీల్డ్. 1839లో అమెరికాలో పుట్టారు. చాలా ఏళ్ళు చైనాలో ఉన్నారు. అక్కడ అక్షరం రాని ఆడవాళ్ళకు చదువు నేర్పారు. అరవై ఏళ్ళు దాటిన వయసులో చీమల మీద పరిశోధన మొదలుపెట్టారు. అంత వయసులో కొత్త చదువు!

ఆమె వేరువేరు రకాల చీమలను తీసుకున్నారు. కానీ పెద్ద చీమలను కాదు. అప్పుడే గూడు చీల్చుకుని బయటికి వచ్చిన పసి చీమలను తీసుకున్నారు. అవి పుట్టి పన్నెండు గంటలు కూడా కాలేదు. వాటిని చిన్న గాజు అరలో కలిపి ఉంచారు. మూడు రోజులు అవి ఒకదాన్ని ఒకటి మీసాలతో తాకి చూసుకున్నాయి. ఆ తర్వాత పెద్దవైనా పోట్లాడలేదు. రంగు వేరు, జాతి వేరు. అయినా ఒకే ఇంటి వాళ్ళలాగా బతికాయి. ఈ సంగతి 1903లో ఆమె రాసి అచ్చు వేయించారు.

అంటే ఏమిటి? ఎవరు తన వాళ్ళో చీమ పుట్టిన కొత్తలో నేర్చుకుంటుంది. అప్పుడు పక్కన ఎవరుంటే వాళ్ళే తన వాళ్ళు.

మన పిల్లల సంగతి చూడండి. అంగన్‌వాడీలో పిల్లలు ఒకే చాప మీద కూర్చుంటారు. ఒకరి పలకతో ఒకరు రాస్తారు. వాళ్ళకు కులం తెలియదు. ఎవరి పక్కన కూర్చోకూడదో పెద్దవాళ్ళే నేర్పుతారు. నేర్పకపోతే వాళ్ళకు రాదు.

పెద్దయిన చీమకు వాసన ఒక్కటే గుర్తు. మనిషికి మాట ఉంది, ఆలోచన ఉంది. చిన్నప్పుడు తప్పు నేర్చుకున్నా, పెద్దయ్యాక మార్చుకోవచ్చు. అక్షరాలు పెద్దయ్యాకే నేర్చుకున్న అక్కచెల్లెళ్ళకు ఈ మాట వేరే చెప్పాలా?

పిల్లలు చీమలను చూస్తామంటే సీసాలో వేయనీయకండి. పుట్టకు కాస్త దూరంలో చిటికెడు బెల్లం, పది కొర్రగింజలు పెట్టి చూడమనండి. పొద్దున ఏ చీమ వచ్చింది? రాత్రి ఏ చీమ వచ్చింది? ఏది ఏం తీసుకుపోయింది?

చదివారు గదా! ఇప్పుడు చెప్పండి:

1. మీ ఇంటి దగ్గర ఎన్ని రకాల చీమలు ఉన్నాయి? మీరు వాటిని ఏమని పిలుస్తారు?

2. చీమ తన వాళ్ళను ఎలా గుర్తుపడుతుంది?

3. పసి చీమలు ఎందుకు పోట్లాడలేదు?

4. పిల్లల మధ్య భేదం రాకుండా మన ఊళ్ళో ఏం చేయవచ్చు? నలుగురూ కూర్చుని మాట్లాడుకోండి.