జమ్మలమడుగు పొట్టేలు, బెల్జియం పంది

మొన్న మా అల్లుడు జమ్మలమడుగులో పొట్టేలును కొని, కాళ్లు కట్టి, మోటారు సైకిలు మీద వేసుకుని ఎర్రటి ఎండలో పులివెందుల తెచ్చినాడు. దిగీ దిగంగానే కోయించినాడు. కూర నల్లగా, జిగటగా ఉంది. "ముసలిదాన్ని అంటగట్టినారు మామా, కొవ్వు కూడా లేదు" అని ఒకటే గొణుగుడు.

ప్రొద్దుటూరు పశువైద్య కళాశాలలో చదివే మనవరాలు నవ్వింది. "తాతా, పంది కథ చెప్పు నాయనకు."

పందికి కొవ్వు చేరే చోట్లలో మనకిక్కడ కావలసినవి రెండు. ఒకటి తోలు కింద, వీపున దుప్పటి కప్పినట్టు. ఇంకొకటి కండ లోపల, సన్నటి తెల్ల చారలుగా. రుచీ మెత్తదనమూ ఈ చారల్లోనే ఎక్కువ. వీపు కొవ్వు వద్దని బక్కవాటినే ఏరి ఈనిస్తూ పోతే లోపలి చారలూ తగ్గిపోతాయి. డ్యూరాక్ అనే ఎర్ర పందికి మాత్రం చారలు బాగా పడతాయి, అందుకే దాన్ని పోతుగా వాడతారు.

యూరప్‌వాళ్లు కండ మీద మోజు పడినారు. బెల్జియం పియెట్రేన్ పందిని చూస్తే వస్తాదే. కానీ లారీ ఎక్కిస్తే వణికి, కొయ్యబారి, కొన్ని దారిలోనే చచ్చేవి. మిగిలినవాటి మాంసం పాలిపోయి నీళ్లు కారేది. పంది పిల్లలకు హాలోథేన్ అనే మత్తుమందు పీల్పిస్తే ఈ దోషమున్నదాని కాళ్లు బిగుసుకునేవి.

1991లో కెనడాలోని టొరంటో శాస్త్రవేత్తలు గుట్టు విప్పినారు. కండ కణంలో కాల్షియం నిల్వ ఉండే సంచికి చెరువుకున్నట్టే ఒక తూము ఉంటుంది. ఆ తూమును తయారుచేసే జన్యువులో ఒకే ఒక్క అక్షరం మారింది. బెదిరితే చాలు, తూము తెరుచుకుని మూసుకోదు. కండలోని పిండిపదార్థం గబగబా కరిగి ఆమ్లమవుతుంది. మామూలుగా కోసినాక పీహెచ్ 7 నుంచి 5.6 దాకా దిగడానికి గంటలు పడుతుంది. ఇక్కడ ముప్పావుగంటలోనే 6 కిందికి పోతుంది. ఒళ్లింకా వేడిగానే ఉంటుంది కాబట్టి ఆ వేడికీ పులుపుకీ ప్రొటీన్లు చెడి నీటిని పట్టుకోలేవు.

మరి అలాంటి దోషాన్ని ఎందుకు పెంచి పోషించినారు? తల్లిదండ్రుల్లో ఒకరి నుంచే ఆ మారిన అక్షరం వచ్చిన పందికి కొవ్వు తక్కువ, కండ ఎక్కువ. తెలియకుండానే దాన్ని ఏరుకున్నారు! ఇప్పుడు చుక్క రక్తంతో పరీక్ష చేసి తీసేస్తున్నారు. మన తిరుపతిలో 75 శాతం యార్క్‌షైర్, 25 శాతం నాటు రక్తంతో టీ-17 పందిని తయారుచేసినారు. ఒక్క కండ కోసమే ఏరితే ఏమవుతుందో చూసినాం కదా, ఆ పావు వంతు నాటు రక్తం ఉంచడమే తెలివంటాను నేను.

"నా పొట్టేలుకూ ఆ జన్యువుందా మామా?"

లేదబ్బా, దానికి తగిలింది నీ మోటారు సైకిలు! మేత లేక, బెదిరి బెదిరి, కండలోని పిండిపదార్థం ముందే ఖర్చయిపోయింది. ఆమ్లం తయారు కావడానికి ఇంకేం మిగల్లేదు. అందుకే నలుపు, జిగట. అమ్మినోణ్ని తిట్టొద్దు. ఈసారి తెచ్చినప్పుడు నీళ్లు పెట్టి, మేత వేసి, కొన్ని రోజులు నీడన కట్టేయ్, ఆ తర్వాతే కోయించు.